దర్వాజ మూసే యాళ్లకు

రచన చదవడం మొదలుపెట్టి చాలాసేపైంది. ఒళ్లో పెట్టుకున్న జిరాక్స్ కాగితాల కట్టలో ఇంకా సగం కూడా కాలేదు.

"అరుణగడ్డ పుట్టిన కొత్తలో ఆకాశంలో సూర్యుడు లేడు. పొగమంచు తెగకూ రాతి తెగకూ యుద్ధం జరిగింది. పొగమంచు తెగ మొదటి రాజుకు నలుగురు కొడుకులు. పెద్దకొడుకు తెల్లకోట కట్టించాడు. రెండో కొడుకు ఉత్తరానికి పోయి..."

కుట్టుమిషను పక్కన చాప మీద కూర్చున్న యశోద జాకెట్టుకు ఉక్సులు కుడుతూ "ఊ" కొడుతోంది. ఆ ఊ కొట్టడంలో ప్రాణం లేదు. ఆవిడ రచన వాళ్ల పక్కింటావిడ. బతుకమ్మ పండుగ మీదికొచ్చింది. బస్సులు బందైనా, బడులు బందైనా, ఆడవాళ్లకు కొత్త జాకెట్లు మాత్రం బంద్ కాలేదు. ఆవిడ ఎదురుగా నవోమి. నర్సు ట్రైనింగు చేస్తున్న అదే వీధి పిల్ల, సకల జనుల సమ్మెతో క్లాసులు లేక ఇంట్లో ఉంటోంది. గోడకు ఆనుకుని, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని కూర్చున్నవాడు రచన తమ్ముడు స్వామి. డిగ్రీ మొదటి ఏడు. వాడి కళ్లు కాగితాల మీద లేవు, అక్క మీదా లేవు. కాలి బొటనవేలి గోరు గీరుకుంటున్నాడు.

ఈ ఆట రచనకు హైదరాబాద్ హాస్టల్లో అబ్బింది. ఇందులో పావులు జరిపేది ఏమీ ఉండదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. దారిలో ఏది ఎదురైతే దానికి ఏం చేస్తారో వాళ్లే నోరు తెరిచి చెప్పాలి. కష్టమైన పని అయితే ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే బెడిసికొడుతుంది. కథ జరిగే లోకాన్ని ఆటగాళ్లే కల్పించుకోవచ్చు. అరుణగడ్డ అట్లా హాస్టల్ పిల్లలు కల్పించుకున్నదే. దాని రాజులు, దేవతలు, నదులు, శాపాలు అన్నీ ఈ కట్టలో ఉన్నాయి.

"రచనక్కా," నవోమి ఆవులింత ఆపుకుంది. "గివన్నీ పరీక్షకొస్తయా?"

యశోద కిసుక్కున నవ్వింది. "నా సూదిల దారమే నిలుస్తలేదు పిల్లా, గా రాజుల పేర్లు నా తలకాయల యాడ నిలుస్తయి? ఆట ఎప్పుడు షురూ జేస్తవు?"

"గిది ఎరుకైతేనే ఆట తెలుస్తది యశోదక్కా. ఇంకొంచమే ఉంది," అని రచన పేజీ తిప్పింది. తలెత్తేసరికి గోడ దగ్గర స్వామి లేడు. లోపలి గది తలుపు చప్పుడు లేకుండా దగ్గరికి పడింది.

రచన ముఖం చిన్నబోయింది. యశోద, నవోమి మర్యాదకు ఇంకాసేపు కూర్చుని, "రేపు సూద్దాం తియ్యి" అని లేచారు.

వంటింటి గడపలో నిలబడి అంతా చూసిన తల్లి భూలక్ష్మి మాత్రం మరోలా అంది. "గంతసేపు నలుగుట్ల కూసున్నడు బిడ్డా. గదే మస్తు. రేపు గూడ చదువు. ఎవ్వలు ఇనకున్నా నేనింట."

స్వామి గది తలుపుకు లోపలి గొళ్లెం లేదు. అది ఉండిన చోట చెక్క తెల్లగా పెచ్చులూడి ఉంది. రచన వచ్చిన రోజే అది చూసింది, కానీ అడగలేదు. పేపరు తెరిస్తే ఏదో ఒక ఊళ్లో తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న ఏదో ఒక పిల్లవాడి ఫొటో. వయసు కొడుకులున్న ఇళ్లలో తల్లులు నిద్రలోనూ చెవులు తెరుచుకుని ఉంటున్న రోజులవి. స్వామి మనోహరాబాద్ రైల్ రోకోకు పోయి వచ్చిన నాటి నుంచి మాట్లాడటం మానేశాడు. పిలిస్తే పలకడు. పెడితే తింటాడు, లేకపోతే లేదు. "బస్సులు లేకున్నా ఎట్లన్న రా బిడ్డా" అని భూలక్ష్మి ఫోన్లో ఏడిస్తే, రచన కౌడిపల్లి దాకా పాలవ్యానులో, అక్కడి నుంచి ఆటోలో వచ్చి పడింది. ఈ ఆట తప్ప ఆమె దగ్గర వేరే మందు లేదు. ఆ మందు కాస్తా వికటించింది.

మర్నాడు పొద్దున రచన తండ్రికి సద్ది పట్టుకుని బయలుదేరింది. నర్సింహది రామాయంపేట రోడ్డు మీద వెల్డింగ్ షాపు. కరెంటు లేక గేట్లన్నీ సగం సగం పనితో గోడకు ఆనించి ఉన్నాయి. ఆయన ఊరికే కూర్చోలేక ఒక గేటు బందును ఆకురాయితో రాస్తున్నాడు. ఇనుప పొడి రాలి లుంగీ మీద మెరుస్తోంది.

"మాట్లాడిండా?" అన్నాడు తలెత్తకుండా.

"లే నాయినా."

ఆకురాయి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. "గొళ్లెం నేనే ఊడబీకిన. మేకు సుత్తెతోని కొడుతుంటె లోపల మంచం మీద కూసొని సూస్తనే ఉన్నడు. ఎందుకు నాయినా అని గూడ అడుగలే."

రచన సద్దిగిన్నె బల్ల మీద పెట్టి తిరుగుముఖం పట్టింది.

బజారుకు వచ్చేసరికి అటు నుంచి ఊరేగింపు వస్తోంది. డప్పుల మోత దగ్గరవుతుంటే అప్పటిదాకా అరకొరగా తెరిచి ఉన్న దుకాణాల షట్టర్లు ఒకటి తర్వాత ఒకటి దడదడా దిగుతున్నాయి. ఒక కిరాణం షట్టరు నడుం దాకా దిగింది. కూరగాయల గంప నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ ఒకామె, "అయ్యో ఆగుండ్రి, జరంత ఆగుండ్రి" అని పరుగెత్తుకొస్తోంది. లోపలి నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి షట్టరు అంచును పట్టి ఆపింది. ముసలమ్మ గంపతో సహా వంగి లోపల పడ్డాక గానీ ఆ చెయ్యి వదల్లేదు.

రచన రోడ్డు పక్కన ఒదిగి నిలబడిపోయింది. ఊరేగింపు దాటిపోయింది గానీ ఆమె కదల్లేదు. ముసలమ్మ పేరు తనకు తెలియదు. ఏ ఊరో, ఎవరి కూతురో తెలియదు. అయినా ఆ షట్టరు దిగుతున్నంతసేపూ తన ఊపిరి ఆగిపోయింది. హాస్టల్లో మొదటి రోజు సీనియర్ తనకు ఏం చదివి వినిపించింది? ఏమీ లేదు. "నువ్వెక్కిన పడవ మునుగుతోంది, ఏం చేస్తావ్?" అంది, అంతే. అరుణగడ్డలో నాలుగు కోటలున్నాయని తనకు ఎన్ని నెలలకో గానీ తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె జిరాక్స్ కట్టను బీరువా మీదికి విసిరేసింది. యశోద దగ్గర గుడ్డ మీద గీతలు గీసే చాక్ ముక్క అడిగి తీసుకుని, నేల మీద అడ్డంగా ఒక గీత గీసింది. గీత మధ్యలో చిన్న ఖాళీ వదిలింది.

"గిది కోట గోడ. గిది దర్వాజ. మీరు బయట్నుంచి కోటకు వస్తుండ్రు. పొద్దు గూకింది. ఈ జాగల పొద్దు గూకినంక బయట ఉండొద్దు, పొగమంచు దిగుతది. గా మంచుల చిక్కినోళ్లు వాపస్ వచ్చింది లేదు. కావలోడు దర్వాజ మూస్తుండు. ఎవలెవలు ఏం జేస్తరు?"

"నేనెవలిని?" అంది యశోద.

"నువ్వే చెప్పాలె."

యశోద సూది ఆపి ఆలోచించింది. "నేను గుర్రాలమ్మేదాన్ని. నాకు మస్తు గుర్రాలున్నయి. ఎవ్వనికి భయపడ." చెప్పేసి తానే సిగ్గుపడి నవ్వింది.

"నేను మంత్రసాని," అంది నవోమి. "వచ్చుడు వచ్చుడే లోపలికి సొస్త. నాకు పానం మీద తీపి ఉంది బాబూ."

గోడ దగ్గర స్వామి ఎప్పటిలాగే ముడుచుకుని ఉన్నాడు. రచన వాడి వైపు చూడలేదు. చూస్తే బెదురుతాడని చాక్ ముక్కనే చూస్తూ చెప్పింది. "దర్వాజ సగం మూసుకపోయింది. గప్పుడు ఎన్కకెళ్లి కాళ్ల సప్పుడు. ఎవలో ఉరికొస్తుండ్రు. ఆగుమని మొత్తుకుంటుండ్రు."

యశోద అప్పటికే గుర్రాలను లోపలికి తోలేసింది. నవోమి లోపలి నుంచి తొంగి చూస్తానంది.

"ఎందరు?"

గొంతు బొంగురుగా వచ్చింది. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"ఒక్కడే," అంది రచన.

"నేను మూయనియ్య." స్వామి మోకాళ్లు వదిలి ముందుకు జరిగాడు. "కాలు అడ్డం వెడ్త. వాడు వచ్చేదాంక మూయనియ్య."

"కావలోడు పెద్ద మనిషి. బలంగ నూకుతుండు. పాచిక ఎయ్యాలె."

స్వామి పాచిక అందుకున్నాడు. చేతిలో దాన్ని చాలాసేపు తిప్పాడు. వేశాడు. అది గీత మీదుగా దొర్లి యశోద మోకాలికి తగిలి ఆగింది.

మూడు.

 అంత చిన్న అంకె పడితే దర్వాజ మూతపడినట్టే. స్వామి ముఖంలో అప్పుడే వచ్చిన నెత్తురు మళ్లీ దిగిపోవడం రచన చూసింది. పాచికను చేత్తో కప్పేసి ఇంకోసారి వేయమందామా అనిపించింది. కానీ అట్లా చేస్తే వాడికి తెలిసిపోతుంది. అక్క జాలిపడిందని తెలిశాక వాడు ఈ చాప మీదికి మళ్లీ రాడు. అంకె అంకెగానే ఉండాలి.

"దర్వాజ మూతవడ్డది," అంది మెల్లగా. "గని నీ కాలు బయట్నే ఉండె గదా. నువ్వు గూడ బయట్నే ఉండిపోయినవు. ఉరికొచ్చేటోని దిక్కే."

స్వామి కొంచెంసేపు ఆ గీతనే చూశాడు. "బయట్నే ఉన్ననా?"

"ఆ. బయట్నే."

"వాణ్ని ఇడిసిపెట్టి నేను లోపలికి పోలేదన్నట్టే గదా?"

"పోలే."

"అయితే ఆగుత," అన్నాడు వాడు. "వాడు వచ్చేదాంక అక్కడ్నే ఆగుత."

అని చటుక్కున లేచి బయటికి, పెరట్లోకి వెళ్లిపోయాడు. తొట్టి దగ్గర ముఖం మీద నీళ్లు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. ఆ తర్వాత, ఎన్నాళ్ల తర్వాతనో, "అమ్మా, ఆకలైతుంది" అన్న మాట. భూలక్ష్మి చేతిలో గంటె పట్టుకునే పెరట్లోకి పరుగెత్తింది.

నవోమి రచన దగ్గరికి జరిగింది. "అక్కా, ఎల్లేష్ సంగతి నీకు ఎరుకలేదా?"

రచనకు తెలియదు. ఎల్లేష్ స్వామి చిన్ననాటి దోస్తు. ఇద్దరూ కలిసే రైల్ రోకోకు పోయారు. పోలీసు జీపులొచ్చాయని ఎవరో అరిస్తే పట్టాల మీద కూర్చున్నవాళ్లంతా తలోదిక్కు లేచి ఉరికారు. కట్ట దిగబోతూ ఎల్లేష్ కంకర మీద జారి కింద పడ్డాడు. కాలు విరిగింది. స్వామి ఉరుకుతూ పోయినవాడు మళ్లీ వెనక్కి రాలేదు. "దవఖాన కాన్నుంచి నేనే ఇంటికి తోల్కొచ్చిన," అంది నవోమి. "మీ స్వామి ఒక్కనాడు గూడ సూడరాలే."

ఎల్లేష్ ఇల్లు రెండు సందుల అవతల. సాయంత్రం రచన వెళ్లేసరికి వాడి తల్లి బాలనర్సమ్మ అరుగు మీద బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట. చాటలో ఒక పక్క తునికాకు, ఒక పక్క తంబాకు. ఆకును కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల మధ్య దొర్లించి, దారం చుట్టి పడేస్తోంది. వచ్చింది ఎవరో చూసినా చేతులు ఆగలేదు.

"చిన్నమ్మా, ఎల్లేష్‌కు ఎట్లుంది?"

"గిప్పుడు యాదికొచ్చెనా బిడ్డా?" కత్తెర కసుక్కుమంది. "గీ అరుగు మీద కలిసి తిన్నరు, కలిసి పండిండ్రు. నా కొడుకు పట్టాల కట్ట కింద పడి మొత్తుకుంటుంటె మీ తమ్ముడు ఎన్కకు మర్రి సూడలేదంట. కుక్కనన్న ఇడిసిపెట్టి పోరు గట్ల. మా ఇంటికి రాకుండ్రి."

రచన తల దించుకుంది.  ఆమె వెనక్కి తిరుగుతుంటే లోపలి నుంచి కేక.

"అమ్మా, ఊకో! రచనక్కా, జర లోపలికి రా."

ఎల్లేష్ మంచం మీద ఉన్నాడు. తొడ దాకా సిమెంటు కట్టు. గడ్డం పెరిగింది.

"అమ్మకు నేను నిజం చెప్పలే అక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "వాడు రానన్నడు. మీ అమ్మ గూడ ఒద్దన్నది. నేనే బలిమిటికి గుంజుకపోయిన. పడ్డంక వాడు నా దిక్కు మర్రుతుంటె, ఉరుకురా, ఉరుకు అని మొత్తుకున్నది గూడ నేనే. నా మాట ఇని ఉరికిండు. నా తోటి వాడు గూడ పోలీసులకు దొరికితే మీ అమ్మ ముంగట నేనేం మొఖం పెట్టుకొని నిలవడుదు? గిప్పుడు వాడు వస్తలేడంటే, నా మీద కోపంతోనే అనుకున్న."

రచన మంచం పట్టె మీద అట్లాగే కూర్చుండిపోయింది. రెండు సందుల దూరంలో ఇద్దరు పిల్లలు, ఎవడికి వాడు తప్పు తనదేననుకుని, రెండో వాడి కోపానికి జడిసి, చీకట్లో పడి ఉన్నారు.

"నీకొక ఆట చెప్తె ఆడుతవా?" అంది చివరికి.

"ఏం ఆట?"

"నేను చెప్ప. చెప్పేటోడు రేపొస్తడు."

ఇంటికి వచ్చి స్వామితో ఆమె ఈ మాటలేవీ చెప్పలేదు. అవి ఎల్లేష్ నోటి నుంచి రావలసినవి. "ఎల్లేష్ ఆట నేర్చుకుంటడంట," అని మాత్రం అంది. "రేపు పొద్దుగాల యశోదక్క జాకెట్లకు కాజాలు కుట్టాలె నేను. నువ్వే పోయి షురూ జెయ్యి. ఎన్కకెళ్లి మేమొస్తం."

స్వామి అన్నం తిన్నాడు. కంచం కడిగాడు. పొద్దున ఆమె లేచేసరికి తల దువ్వుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"గా కాయితాల కట్ట తీస్కపోవాల్నా?"

"ఒద్దు. పాచిక చాలు."

వాడు వెళ్లిన కాసేపటికే రచన చేతిలోని జాకెట్టు పక్కన పెట్టేసింది. యశోద, "పోరాదు, నీ మనసు నా కాజాల మీద ఉంటదా?" అని తరిమేసింది. దారిలో నవోమి కలిసింది.

ఇద్దరూ సందు మొగలోనే ఆగిపోయారు. స్వామి బాలనర్సమ్మ అరుగు ముందు నిలబడే ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. కత్తెర కసుక్ కసుక్‌మంటూనే ఉంది. స్వామి చెమట పట్టిన పిడికిట్లో పాచికను నలుపుతున్నాడు.

"ఎవలే అమ్మా?" లోపలి నుంచి ఎల్లేష్.

బాలనర్సమ్మ మరో ఆకు కత్తిరించింది. ఆ తర్వాత, స్వామి ముఖం చూడకుండానే, ఒళ్లోని చాటను ఎత్తి పక్కకు పెట్టుకుని, గడపకు అడ్డంగా చాపుకున్న కాళ్లను దగ్గరికి తీసుకుంది.

స్వామి లోపలికి పోయాడు.

రచన, నవోమి అరుగు చివర కూర్చున్నారు. లోపల గుసగుసలు. ఎల్లేష్ గొంతు, మధ్యలో స్వామి గొంతు, మళ్లీ ఎల్లేష్ గొంతు. "నేనే గదరా గుంజుకపోయింది" అన్న మాట స్పష్టంగా బయటికొచ్చింది. బాలనర్సమ్మ వేళ్ల మధ్య బీడీ సగం చుట్టి ఆగిపోయింది. "ఉరుకుమని మొత్తుకున్నది నేనేరా" అన్న మాట వచ్చినప్పుడు ఆమె తల ఎత్తి రచన వైపు చూసింది. రచన అవునన్నట్టు తలాడించింది. బాలనర్సమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, విప్పుకుపోయిన బీడీని మళ్లీ మొదటి నుంచి చుట్టింది.

లోపల ఎవరో ఏడ్చారు. ఎవరో "చల్, ఊకోరా" అన్నారు. ఆ పైన స్వామి గొంతు సవరించుకోవడం వినబడింది.

"ఇగ ఇను. గిదొక జాగ. పొద్దు గూకింది. కోట దర్వాజ మూసేసిండ్రు. నేను బయట నిలవడ్డ. ఎన్క ఉరికొచ్చేటోడివి నువ్వే. ఎవలివి నువ్వు?"

రాజులు లేరు, యుద్ధాలు లేవు. రచన పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. తాను మొదటి రోజు చెయ్యలేకపోయిన పని వాడు ఒక్క ఊపిరిలో చేసేశాడు.

"నేను దొంగను," అన్నాడు ఎల్లేష్ వెంటనే. "కోటల దొంగతనం జేసి ఉరికొస్తున్న."

"అరేయ్, కోట బయట్నుంచి కోటలకు ఉరికొస్తున్నవు గదరా!"

"అయితే ఇంకో కోటల జేసిన."

నవోమి పకపకా నవ్వింది. ఇక ఆగలేక రచనను కూడా లాక్కుని లోపలికి నడిచింది. మంచం చుట్టూ ముగ్గురూ చేరారు. మంచు ముంచుకొస్తోంది. కోట వెనక పాత బావి ఉందనీ, ఆ బావి గోడలోంచి లోపలికి సొరంగం ఉందనీ రచన చెప్పింది. ముందు ఎవరు దిగాలన్న దాని మీద ఇద్దరూ కొట్లాడుకున్నారు. "నా కాలు మంచిగనే ఉందిరా ఆటల" అని ఎల్లేష్, "నోరు మూస్కొని ఆగు, నేను దిగుత" అని స్వామి. చివరికి స్వామి పాచిక వేశాడు. రెండు పడింది.

"మెట్టు జారింది," అంది రచన. "నీళ్లల్ల వడ్డవు. పైకి ఎక్కరాదు, అంతా నాచు."

"అయ్యో, స్వామిగాడు బాయిల వడ్డడే!" ఎల్లేష్ మంచం మీద ఎగిరినంత పని చేశాడు. "అక్కా, నా కాడ తాడుందా?"

"లేదు. దొంగతనం జేసిన సంచి ఒక్కటే ఉంది."

"నవోమీ?"

"నేను కోట లోపల ఉంటి గదా."

"మునుగుతున్న," అన్నాడు స్వామి.

"ఏంది, బాయిల వడ్డడా?"

నలుగురూ తిరిగి చూశారు. బాలనర్సమ్మ గడపలో నిలబడి ఉంది. తంబాకు పొడి అంటిన చేతులు గాల్లోనే ఉన్నాయి.

"ఆట అమ్మా, ఉత్తదే," అన్నాడు ఎల్లేష్.

"ఉత్తదైతే ఏంది? పిలగాడు నీళ్లల్ల ఉన్నడంటిరి గదా. గంత పెద్ద బాయి కాడ ఒక్క ఆడిమనిషి లేదా? మంచైనా ఎండైనా ఇంట్లకు నీళ్లు గావాలె గదా? నేనున్న గాడ. నీళ్లకొచ్చిన. నా కాడ చేంతాడుంది."

ఎల్లేష్ నోరు తెరిచి రచనను చూశాడు. కొత్తవాళ్లు ఆటలోకి ఎట్లా రావాలో కాగితాల కట్టలో రెండు పేజీల నిండా ఉంది. అందులో ఇటువంటి రాకడ లేదు.

"చిన్నమ్మా," అంది రచన, "తాడు ఏసినప్పుడు పాచిక గూడ ఎయ్యాలె."

బాలనర్సమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. పాచికను అందుకుని, దాని ముఖాల వైపు ఒకసారి అనుమానంగా చూసి, కళ్లాపి చల్లినట్టు విసిరింది. అది నేల మీద ఎగిరెగిరి దొర్లి మంచం కిందికి పోయింది. ఏం పడిందో చూడటానికి నవోమి మోకాళ్ల మీద వంగింది.

బాలనర్సమ్మ ఆ అంకె కోసం ఆగలేదు. పాదాలు ఎడంగా పెట్టి, నడుం కొంచెం వంచి, రెండు చేతులతో లేని తాడును బిగించి పట్టుకుంది.

"గట్టిగ పట్టుకోరా స్వామీ," అంది. "ఇడువకు. నేను గుంజుతున్న."

"పట్టుకున్న చిన్నమ్మా," అన్నాడు స్వామి.